రెండో మనిషి

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సు గరిడేపల్లిలో ఆగింది. యాసంగి కోతలు ముగుస్తున్న రోజులు. రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. కిటికీ పక్కన కూర్చున్న శిరీష అవేవీ చూడటం లేదు. ఫోన్ మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఒకే పేరాను మళ్లీ మళ్లీ చదువుతోంది.

అది ఢిల్లీలోని ఇంజనీర్ల అకాడమీ నుంచి పొద్దున్నే వచ్చిన ముసాయిదా. బియ్యం మిల్లుల్లో చిన్న బాయిలర్లు ఎందుకు పేలుతున్నాయో, పేలకుండా ఏం చేయాలో ఏడాదిగా పరిశీలించి ప్రభుత్వానికి చెప్పబోతున్న మాటలు అందులో ఉన్నాయి. కోదాడలోని ఓ ప్రైవేటు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పే శిరీషను ఈ ప్రాంతానికి పరిశోధన సహాయకురాలిగా అకాడమీ తీసుకుంది. సెలవు రోజుల్లో మిర్యాలగూడ మిల్లులు తిరిగింది. ఊక దుమ్ములో నిలబడి బాయిలర్ గొట్టాల మందం కొలిచింది, నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపింది. చివరి పేజీలో తన పేరు ఉంటుందని తెలిసిన రోజు తండాలో వాళ్ల యాడి, అంటే అమ్మ, ఆ సంగతి ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చింది.

ఇంగ్లీషులో ఉన్న ఆ పేరా తెలుగులో చెప్పుకుంటే ఇంతే: ప్రమాదాలకు ప్రధాన కారణం బాయిలర్ నడిపేవారి నిర్లక్ష్యం. నిరుడు మిర్యాలగూడలో ఇద్దరు నిర్వాహకులు డ్యూటీలో ఉండగా, ఒకరు బయటికి వెళ్లిన సమయంలో రెండోవారు నిద్రపోయారు. నీటిమట్టం పడిపోయి బాయిలర్ పేలింది. ఒక కార్మికురాలు మరణించింది. దాని కిందే సిఫార్సు. ఇలాంటి కేసుల్లో నడిపేవాడి లైసెన్సు శాశ్వతంగా రద్దు చేయాలి, శిక్ష పెంచాలి.

నిద్రపోయినవాడు మల్సూర్. చనిపోయింది ఊక ఎత్తే భద్రమ్మ. వాళ్ల పేర్లు ముసాయిదాలో లేవు. ‘ఇద్దరు’ అన్న మాట దగ్గర శిరీష వేలు ఆగిపోయింది. మల్సూర్ ఒక్కడే ఉన్నాడని కదా తను రాసి పంపింది!

కోదాడ బస్టాండులో దిగగానే గోపిక మేడంకు ఫోన్ చేసింది. హైదరాబాదులో లోహశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడే ఈ అధ్యయన కమిటీకి అధ్యక్షురాలు.

“నువ్వు పంపింది చదివాను శిరీషా. కానీ అధికారుల విచారణలో ఇద్దరున్నారని తేలింది. రెండో అతనే స్వయంగా చెప్పాడు, తాను టీ తాగి వచ్చేలోపు మల్సూర్ నిద్రపోయాడని. నువ్వు నలుగురినీ అడిగి రాశావు. ఇది అక్కడ ఉన్న మనిషి చెప్పిన మాట. నేను దేన్ని తీసుకోవాలి?”

“ఎవరు మేడం ఆ రెండో అతను?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. “బాలాజీ.”

విజయవాడ బస్సు హారన్ కొడుతూ పక్క నుంచే పోయింది. బాలాజీ శిరీష భర్త. అదే మిల్లులో, వడ్లలో తేమ చూసే శాంపిల్ గదిలో పనిచేస్తాడు. అంతకుముందు మల్సూర్ దగ్గరే బాయిలర్ పని నేర్చుకుని, లైసెన్సు పరీక్ష పాసయ్యాడు. అదంతా నిజమే. కానీ బాయిలర్ పేలిన ఆ తెల్లవారుజామున అతను మిల్లుకు దగ్గర్లోనే ఉన్న తమ ఇంట్లో, ఆమె పక్కన పడుకుని ఉన్నాడు. ఆ చప్పుడుకు ఇద్దరూ ఒక్కసారే లేచి కూర్చున్నారు.

“వింటున్నావా? ఎల్లుండి సూర్యాపేటలో అందరితో సమావేశం ఉంది. మల్సూర్ వచ్చి చెబితే కమిటీ వింటుంది. ఇది ఢిల్లీ చేరాక నా చేతుల్లో ఉండదు. రేపు చట్టం రాసేవాళ్లు దీన్నే ముందు పెట్టుకుంటారు. తప్పుంటే ఇక్కడే దిద్దుకోవాలి.”

“సరే మేడం,” అంది శిరీష. బాలాజీ తన భర్త అన్న మాట నోటి దాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

ఆ రోజు క్లాసులో బోర్డు మీద ఒక లెక్క మొదలుపెట్టి సగంలో మరిచిపోయింది.

సాయంత్రం బాలాజీ వచ్చేసరికి ఆమె బెండకాయలు వేయిస్తోంది. ఇంట్లో వాళ్లిద్దరూ తమ లంబాడా భాష గోర్‌బోలీలోనే మాట్లాడుకుంటారు. మాటా మాటా పెరిగేటప్పుడు మాత్రం తెలుగులోకి వస్తారు. అతను మొహం మీది వడ్ల దుమ్ము కడుక్కుని టవల్ అందుకుంటుండగా శిరీష తెలుగులో అడిగింది.

“భద్రమ్మ సచ్చిపోయిన రోజు నువ్వు డ్యూటీల ఉన్నవా?”

టవల్ మొహం మీదే ఆగింది. “ఎవలు చెప్పిండ్రు నీకు?”

“ఉన్నవా, లేవా?”

“నీ పక్కకే ఉంటి గద. నీకు తెల్వదా?”

“మరి ఉన్ననని ఎట్ల చెప్పినవ్?”

బాలాజీ గడప మీద కూర్చున్నాడు. టవల్‌ను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. “వేణు సేటు చెప్పమన్నడు. బాయిలర్ కాడ ఒక్కడే ఉన్నడని తెలిస్తే మిల్లు సీల్ చేస్తరట. సీజన్ నడుమ సీల్ పడితే గింతమంది కూలోళ్లు ఏడ పోతరన్నడు. ఒక్క మాట చెప్పు, ఖతం అన్నడు. మల్సూరన్న కాకుండ లైసెన్సున్నది నాకొక్కనికేనాయె.”

“కేసు ఆయన మీద పడతదని తెల్వదా?”

“ఆయన నిద్రపోయిండు శిరీషా. అదైతే అబద్ధం గాదు. నేనున్నా లేకున్నా ఆయన నిద్రపోయిండు.”

“నువ్వుంటే లేపెటోనివి గద.”

బాలాజీ తల ఎత్తలేదు. బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది.

“ఇప్పుడు మాట మారిస్తే నన్ను లోపలేస్తరు,” అన్నాడు చివరికి. “ఆ అకాడమీ వాళ్లు మిల్లు బంద్ పెడతరా?”

“పెట్టరు. వాళ్లు చెప్తరు, అంతే.”

“ఎవలకు?”

“చట్టం చేసెటోళ్లకు.”

“చెప్తే వాళ్లు ఇంటరా?”

“ఇనొచ్చు. ఇనకపోవచ్చు.”

“మరి ఇంటరో ఇనరో తెల్వని మాట కోసం మన కొంప ఎందుకు ముంచుకోవాలె? నువ్వు చేసే పని ఢిల్లీ దాక పోతదని మురిసినం. గిట్ల మనింటికే తిరిగొస్తదనుకున్ననా?”

బెండకాయలు మాడిన వాసన వస్తే శిరీష పొయ్యి ఆపింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి మల్సూర్ ఇంటికి వెళ్లింది. మిర్యాలగూడ రైల్వే గేటు అవతల రేకుల ఇల్లు. మల్సూర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అతని భార్య మంగమ్మ చొక్కా గుండీలు పెడుతోంది. కాలిన చేతులు మానాయి గానీ వేళ్లు ముడుచుకోవు. మంగమ్మ చాయ్ తెచ్చిచ్చింది. అతను గ్లాసును రెండు అరచేతుల నడుమ ఇరికించి, మొహాన్నే గ్లాసు దగ్గరికి వంచి తాగాడు. శిరీష చూపు మరల్చుకోబోయి, మరల్చుకుంటే బాగుండదని ఆగింది.

“రేపు సూర్యాపేటల మీటింగ్ ఉన్నదన్నా. నువ్వొచ్చి జరిగింది చెప్పాలె.”

“జరిగింది చెప్పిన చెల్లె. పండుకున్న. ఇంకేమున్నది?”

“ఎప్పటిసంది ఉన్నవ్ బాయిలర్ కాడ?”

మల్సూర్ తలుపు వైపు తిరిగాడు. మంగమ్మ అందుకుంది. “ముందురోజు పొద్దుగాల పోయినోడు. రెండు పూటలు నేనే గేటు కాడ బువ్వ ఇచ్చొచ్చిన. మారే మనిషి రాలేదంట.”

“నువ్వూకో,” అన్నాడు మల్సూర్. తర్వాత శిరీషతో, నెమ్మదిగా, “సేటు వకీలును పెట్టిండు. నిద్రపోయినన్నది ఒప్పుకుంటే సిన్న శిక్షతోని పోతదట. ఇద్దరం లేమని నేనంటే బాలాజీ చెప్పింది అబద్ధమైతది. ఆ పిలగాడు నా చేతి కింద పని నేర్చినోడు. వాన్ని ఆగం జేసి నాకేమొస్తది?”

అంటే అతనికి అంతా తెలుసు. శిరీష చాయ్ గ్లాసు కింద పెట్టింది. “నీకు కోపం లేదా అన్నా?”

“ఉన్నది. ఉంటే ఏం జెయ్యాలె?”

ఇంటి పక్కనుంచి గూడ్సు బండి పోతోంది. గ్లాసులు సన్నగా వణికాయి.

“నువ్వు రా. ఏం చెప్పబుద్ధయితే అదే చెప్పు,” అంది శిరీష. “నేను బలవంతం చెయ్య.”

“వస్తడు. నేను తోల్కొస్త,” అంది మంగమ్మ.

సూర్యాపేటలో హైవే పక్కన హోటల్ మీది అంతస్తులో సమావేశం. ముందు వరసలో మిల్లుల యజమానులు, వాళ్ల నడుమ తెల్ల చొక్కాలో వేణు. పక్కన అధికారులు. ఎదురుగా పొడవాటి బల్ల వెనక గోపిక, మరో ఇద్దరు అకాడమీ సభ్యులు. ఆ ఇద్దరికీ తెలుగు రాదు. అందుకని గోపిక శిరీషను బల్ల చివర కూర్చోబెట్టి, కార్మికులు చెప్పేది ఇంగ్లీషులో చెప్పమంది.

మొదట శిరీష తన కొలతలు చూపించింది. గొట్టాలు ఎక్కడ పలచబడ్డాయో, ఈ నీళ్లకు లోపల ఎంత సున్నం పేరుకుంటుందో చెబుతుంటే తన గొంతే ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉంది. వేణు శ్రద్ధగా వింటూ మధ్యలో తల ఊపాడు. చివరి వరసలో మల్సూర్, మంగమ్మ ఒకే కుర్చీ మీద కూర్చున్నంత దగ్గరగా కూర్చున్నారు.

గోపిక పేరు పెట్టి పిలిచేసరికి మల్సూర్ లేచాడు. మైకు పట్టుకోలేడు. మంగమ్మ లేచి అతని నోటి దగ్గర పట్టుకుంది.

“నేనే పండుకున్న సార్. తప్పు నాదే.”

శిరీష దాన్ని ఇంగ్లీషులో చెప్పింది.

“అంతకుముందు ఎంతసేపటి నుంచి పనిలో ఉన్నారు?” అని అడిగింది గోపిక.

మల్సూర్ ముందు వరస వైపు చూశాడు. “మామూలే మేడం. మారుతుంటం.”

“ఎవరితో?”

“బాలాజీతోని. ఇద్దరమున్నం. ఆయన చాయ్‌కని బయటికి పోయిండు, నేను కన్ను మూసిన.”

ఢిల్లీ సభ్యుడు పెన్ను పట్టుకుని శిరీష వైపు తిరిగాడు. ఆమె మొదలుపెట్టింది. ఇద్దరున్నారని చెబుతున్నాడు, రెండో అతను టీ కోసం... అక్కడ మాట తెగింది. పెన్ను ఎదురుచూస్తోంది. మంగమ్మ మైకు అలాగే పట్టుకుని తనకేసే చూస్తోంది. శిరీషకు ఇంట్లో టవల్ మడుస్తూ కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. ఈ ఒక్క మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే చాలు, ఎవరూ తనను తప్పు పట్టరు. తన పని అదే.

“ఆయన అన్నది ఇదీ,” అంది ఇంగ్లీషులో. “కానీ ఇది నిజం కాదు. బాలాజీ నా భర్త. బాయిలర్ పేలినప్పుడు ఆయన ఇంట్లో నా పక్కన నిద్రపోతున్నాడు.” తర్వాత అదే మాటను గదిలో అందరికీ వినపడేలా తెలుగులో చెప్పింది.

వేణు లేచాడు. “మేడం, మొగుడూ పెళ్లాల పంచాయితీలు ఇక్కడెందుకండీ? విచారణ అయిపోయింది. ఆయనే ఒప్పుకుంటున్నడు గద.”

“కూర్చోండి వేణు గారూ,” అంది గోపిక.

“ముందురోజు పొద్దుగాల ఇంట్లకెల్లి పోయిండు మేడం,” అంది మంగమ్మ మైకును తన నోటి దగ్గరికి తెచ్చుకుని. “మల్ల నేను సూసింది దవాఖానలనే.”

మల్సూర్ మొహం కప్పుకోబోయాడు. ముడుచుకోని వేళ్ల సందుల్లోంచి కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

గోపిక మల్సూర్‌ను అడిగింది. “నిద్ర రాకుండా ఏం చేశారు మీరు?”

ఇప్పటిదాకా అతన్ని ఎవరూ ఆ మాట అడిగినట్టు లేదు. “మొఖం కడుక్కున్న. నిలబడే ఉన్న. భద్రమ్మతోని ముచ్చట పెట్టిన. నేను తూగుతుంటే జర లేపు అక్కా అని ఆమెకు చెప్పిన. మస్తు సార్లు లేపింది. ఆఖరికి ఊక కోసం పోయింది. నేను కూసున్న. గాజు గొట్టంల నీళ్లు దిగింది నేను సూడలే...” ఆగిపోయాడు. “ఆమె నన్ను లేపనీకే ఉరికొచ్చినట్టున్నది మేడం. లేకుంటే ఊక కుప్ప కాడ్నే ఉండేది. బతికేది.”

శిరీష ఆ మాటలను ఇంగ్లీషులోకి మార్చింది. రెండుసార్లు ఆగి మార్చింది. ఢిల్లీ సభ్యుడు రాయడం మానేసి విన్నాడు.

ఓ అధికారి గొంతు సవరించుకుని, ఎంత అలసట ఉన్నా చట్టం దృష్టిలో నిర్లక్ష్యం నిర్లక్ష్యమే అన్నాడు. మిల్లుల వాళ్లు అవునన్నారు. వాదన పెరిగింది. గోపిక అందరి మాటా విని ముసాయిదాలో ఆ పేజీ తెర మీద పెట్టించింది. ‘నడిపేవారి నిర్లక్ష్యం’ అన్న పేరా కొట్టేయించి, కొత్త పేరా చెప్పి రాయించింది. మంట ఉన్నంతసేపూ బాయిలర్ దగ్గర లైసెన్సున్న ఇద్దరు ఉండాలి. మారే మనిషి రాకపోతే మంట ఆపాలి. నీళ్లు తగ్గితే మంట దానంతటదే ఆరిపోయే ఏర్పాటు లేని బాయిలర్‌కు అనుమతి ఇవ్వకూడదు. ప్రమాదం జరిగితే నడిపినవాడు అప్పటికి ఎంతసేపటి నుంచి పనిలో ఉన్నాడో ముందు తేల్చాలి.

మెట్ల దగ్గర శిరీష అడిగింది. “ఇది చట్టమవుతుందా మేడం?”

“తెలియదు. మేం చెప్పగలం, అంతే. నేను రాసినవి కొన్ని పదేళ్లకు అమల్లోకొచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు.” గోపిక ఆమె మణికట్టు పట్టుకుంది. “మా నివేదికలో మీ ఆయన పేరు రాయను. కానీ అధికారులు విన్నారు శిరీషా. వాళ్లేం చేస్తారో నేను మాటివ్వలేను.”

తిరుగు బస్సులో మల్సూర్ మంగమ్మతో వెనక సీట్లో కూర్చున్నాడు. దిగేటప్పుడు శిరీష దగ్గరికొచ్చి, “బాలాజీకి నేను ఏమని చెప్పాలె చెల్లె?” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి బాలాజీకి అంతా తెలిసిపోయి ఉంది. అరవలేదు. తిన్నాడు, కంచం కడిగి పెట్టాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. వాకిట్లో బండి ఆగిన చప్పుడైతే చాలు, పోలీసులేమోనని శిరీష కిటికీ దగ్గరికి పోయేది. పాల వాడో, గ్యాస్ వాడో.

ఆ తర్వాతి రోజు బాలాజీ సాయంత్రం పెందలాడే వచ్చాడు. పెట్టె అడుగు నుంచి పాత ఖాకీ చొక్కా తీసి దులిపాడు.

“సేటు ఎల్లగొట్టిండా?” అంది శిరీష.

“లేదు.” రెండు రోజుల్లో ఆమెతో మాట్లాడటం అదే మొదలు. “బాయిలర్ కాడ ఉన్ననని చెప్పినవ్ గద, ఇగ నిజంగనే ఉండు అన్నడు. మాపటి నుంచి ఎక్కాలె. శాంపిల్ గదికి వేరేటోన్ని పెట్టుకున్నడు.”

ఫ్యాను కింద కూర్చునే ఆ శాంపిల్ గదిలోకి రావడానికి అతనికి ఎన్ని సీజన్లు పట్టిందో ఆమెకు తెలుసు. చొక్కా చేతులు ఇప్పుడు బిగుతయ్యాయి. కుట్లు తెగకుండా లోపలికి చేతులు దూర్చుకుంటుంటే వెనక నుంచి సాయం పట్టింది. అతను వద్దనలేదు.

“నేనూ వస్త,” అంది.

“నువ్వెందుకు?”

“కొత్త బాయిలర్‌కు నీళ్లు సూపే గేజ్ గ్లాస్ ఎట్లున్నదో సూస్త.”

బాలాజీ బండి తాళం తీసుకుని బయటికి నడిచాడు. రానివ్వననీ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆమె వెనక ఎక్కింది.

పొద్దు వాలుతోంది. మిల్లు గేటు దగ్గర వడ్ల లారీలు వరసగా నిలబడ్డాయి. ఆఫీసు వరండాలో వేణు ఎవరితోనో మాట్లాడుతూ వాళ్లను చూశాడు, చూపు తిప్పుకున్నాడు. బాయిలర్ షెడ్డులోకి అడుగుపెట్టగానే వేడి మొహాన కొట్టింది. మంట ముందు ఉప్పలయ్య నిలబడి ఉన్నాడు. మల్సూర్ తర్వాత పక్క మిల్లు నుంచి తెచ్చుకున్న పెద్ద మనిషి. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఒక చేత్తో ఇనుప కడ్డీని ఊతకర్రలా పట్టుకున్నాడు.

“ఏంది బాలాజీ, ఇటొచ్చినవ్?”

“ఇయ్యాల్టి సంది నేను నీ జోడి, పెద్దయ్యా.”

“జోడా? నాకా?” ఉప్పలయ్య నమ్మలేదు. బాలాజీని, శిరీషను, మళ్లీ బాలాజీని చూశాడు. “నిజంగనేనా?”

“నిజంగనే. లైసెన్సున్నది.”

“ఎప్పటి నుంచి ఉన్నవ్ పెద్దయ్యా?” అని శిరీష అడిగింది. ఆయన లెక్క చెప్పబోయి, వదిలేసి చెయ్యి ఊపాడు.

బాలాజీ గుడ్డతో గాజు గొట్టం తుడిచి, వంగి నీళ్లు చూశాడు. కింద కుళాయి తిప్పి నీళ్లు వదిలి, అవి మళ్లీ ఎక్కుతున్నాయో లేదో చూసుకున్నాడు. శిరీష కూడా పక్కన వంగి చూసింది. నీళ్లు సగానికి పైన సన్నగా ఊగుతున్నాయి. పంపు చప్పుడు సరిగానే ఉంది. ఈ మనిషి ఇప్పుడు ఈ మంట ముందు ఉంటాడు, ప్రతి రాత్రీ. తను నోరు విప్పినందుకే.

“ఒక్క ఘడియ నడుం వాలుస్త బిడ్డా,” అన్నాడు ఉప్పలయ్య.

“పండు. నేనున్న గద.”

ఆయన కడ్డీని గోడకు ఆనించాడు. ఓ మూల ఖాళీ గోనెసంచులు పరిచి ఉన్నాయి. వాటి మీద కూర్చుని తువ్వాల తలకింద పెట్టుకున్నాడు. చెప్పులు విడవలేదు. శిరీష ఇటు తిరిగి అటు చూసేలోపే నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

ఊక గంప నెత్తిన పెట్టుకుని ఓ ఆడమనిషి లోపలికి వచ్చింది. మంట పక్కన దాన్ని ధన్‌మని దించబోతుంటే బాలాజీ గాజు గొట్టం మీది నుంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తి ఆపాడు.

“జర నిమ్మళంగ దించక్కా,” అన్నాడు. “పెద్దయ్య పండుకున్నడు.”